ఏడో కాలమ్

నెలాఖరు. దేవరకొండ పంపుహౌసు.
టేబులు మీద తొమ్మిది కాలమ్‌ల ఫారం,
ఎగిరిపోకుండ దాని మీద ఒక పాత బేరింగు.

ఆరు కాలమ్‌లు నోరెత్తకుండ నిండినయి.
మోటార్లెన్ని, హార్స్‌పవరెంత,
ఎన్ని గంటలు తిరిగినయి,
మీటరు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది.
అరవై మూడు వేల యూనిట్లు.
ఏడో కాలమ్ కాడ పెన్ను నిలబడ్డది:
“కిలోలీటరు నీటికి ఎన్ని యూనిట్లు?”

ఏ నీటికి?
మోటారు నోట్లకెళ్లి బయటపడ్డ నీటికా,
ఇంటి ముంగట బిందెల పడ్డ నీటికా?
ఈ ఫారం గీసినాయన
ఎన్నడూ గుట్ట ఎక్కి ఉండడు.
రెండూ ఒకటే అనుకున్నడు.

ఆపరేటర్ లతీఫ్ డైరీ తెచ్చిచ్చిండు.
గంటగంటకూ అంకెలు, వాటి మీద చాయ్ మరకలు.
మూణ్నెళ్లు మీటరు చెడిపోయినప్పుడు
మోటారు మీద అరచెయ్యి పెట్టి
వేడిని బట్టి ఆంపియర్లు రాసిండట.
కొత్త మీటరొచ్చినంక చూస్తే
రెండంటే రెండు ఆంపియర్ల తేడా.
“నా చెయ్యికి రిపేరుండది మేడం” అని నవ్విండు.
ఆ చెయ్యికి రెండు వేళ్లు సగమే ఉన్నయి.

డైరీల ఒక కాడ ఎర్ర సిరా:
“రాత్రి రెండు నుంచి నాలుగు. మోటారు నడుస్తున్నది.
ట్యాంకు పెరుగుతలేదు.”
అదే మాట పదకొండు రాత్రులు.

లెక్క కట్టిన.
రోజుకు ఎక్కించింది ఇరవై ఒక్క లక్షల లీటర్లు.
ఇండ్లకు చేరింది పద్నాలుగు లక్షల డెబ్బై వేలు.
మొదటి నీటికి జవాబు ఒకటి.
గుండుగ, నున్నగ,
పై ఆఫీసు ముద్దుపెట్టుకునే అంకె.
రెండో నీటికి
ఒకటి పాయింట్ నాలుగు మూడు.

నాకే సరిగ్గ ఎక్కలేదు.
బిందెలకు మార్చి చూసుకున్న.
పదిహేను లీటర్ల బిందె గుట్ట ఎక్కాలంటే
తొమ్మిది వాట్ల బల్బు
గంటా నలభై నిమిషాలు వెలిగినంత కరెంటు.
గడప కాడికి చేరిన బిందెకైతే
రెండు గంటల ఇరవై మూడు.
నడిమి నలభై మూడు నిమిషాలు
ఏ పిల్ల పుస్తకం మీదా వెలగలేదు.
చింతపల్లి రోడ్డు మలుపుల
బురద కింద వెలిగినయి.

మబ్బుల పోయి చూసొచ్చిన.
పైపు పగిలిన కాడ మోకాలెత్తు గరిక,
రెండు బర్రెలు, ఒక కొంగ.
రాత్లావత్ చాంది చాయ్ బండి
ఆ ఊటను చూసే అక్కడ ఆగింది.
గ్లాసులు కడుక్కుంట అన్నది:
“మా తండాల కరెంటున్ననాడు నీళ్లుండయి,
నీళ్లొచ్చిననాడు కరెంటుండది.
ఈడనే నయం, అడగకుండనే వస్తున్నయి.
ముయ్యకుండ్రి మేడం.”
చాయ్ తాగిన.
ఆ గ్లాసుల ఎన్ని యూనిట్లున్నయో నాకెరుకే,
చెప్పలేదు.
ఆమె పైసలు తీస్కోలేదు.

డీఈ గారి ఫోను:
“పోయిన నెల ఒకటి వేసినం గద, అదే వెయ్యమ్మా.
లేకుంటే పైన స్క్రీన్ మీద మన ఊరు ఎర్రగైతది.”
“ఎర్రగయ్యేది గడి సార్, ఊరు కాదు”
అందామనుకున్న,
అప్పటికే ఫోను పెట్టేసిండు.

వేసిన. ఒకటి పాయింట్ నాలుగు మూడు.
మూడు కాడ సిరా కొంచెం ఎక్కువే దిగింది.

ఎనిమిదో కాలమ్ ఖాళీగ ఉంచమన్నరు, ఎందుకో తెల్వది.
తొమ్మిదోది రిమార్కులు. వేలెడంత గడి.
“మలుపుల పైపు మార్చాలె” అంటేనే నిండిపోయింది.
కాగితం తిప్పిన.
వెనక దిక్కు ఎవరూ స్కాన్ చెయ్యరు, తెలుసు.
“మూసినంక అక్కడనే ఒక కుళాయి పెట్టాలె,
చాయ్ బండికి అందేటట్టు” అని రాసిన.

ఇంతల లతీఫ్ సగం వేళ్లతోని స్టార్టర్ లేపిండు.
బేరింగు కింద కాగితం
సన్నగ వణుకుతున్నది.